నెత్తురు లేనిదే ముద్ద ముట్టని జీవి

పొద్దున్నే లేచాక, పళ్ళు తోముకోకముందే ఎవరైనా దగ్గరికొచ్చి పలకరిస్తే మనకి తెలియకుండానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాం. పాచినోటి వాసన రాజుకీ ఉంటుంది, బంటుకీ ఉంటుంది. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోయి నోరు ఎండుతుంది. నాలుక వెనక భాగం మీదా చిగుళ్ళ సందుల్లోనూ కాపురముంటున్న సూక్ష్మజీవుల్ని రాత్రంతా కడిగేవాళ్ళూ ఉండరు, కదిలించేవాళ్ళూ ఉండరు. తెల్లారేసరికి అవి తిని వదిలిన వాయువులే ఆ కంపు.

ఆ కంపులో ఏమేం ఉన్నాయో పేరుపేరునా చెప్పినవాడు జోసెఫ్ టాన్జెటిచ్. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. మనుషుల నోట్లోంచి గాలి తీసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రానికి అందించి 1971లో లెక్క తేల్చాడు. హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టన్, డైమిథైల్ సల్ఫైడ్. మూడింటిలోనూ గంధకం ఉంది. మొదటిది కుళ్ళిన కోడిగుడ్డు వాసన. రెండోది కుళ్ళిన క్యాబేజీ వాసన. ఈ రెండోదాని దగ్గర చుట్టం ఇథైల్ మెర్కాప్టన్‌ని మన వంటగ్యాసులో కలుపుతారు, లీకైతే ముక్కుకి తెలియాలని. అసలు గ్యాసుకి వాసన ఉండదు. కలిపేది రవ్వంతే అయినా ఇల్లంతా తెలిసిపోతుంది చూశారా, ఈ జాతి వాయువుల దగ్గర మన ముక్కు అంత చురుకు.

మా మనవరాలు బి.ఎస్సీ.లో మైక్రోబయాలజీ చదువుతోంది. "తాతయ్యా, ఈ కంపు బాక్టీరియాని ప్లేటు మీద పెంచితే సరిపోయె కదా, ఎవరు ఏ వాసన కొడుతున్నారో తెలిసిపోతుంది" అంది ఓ సాయంత్రం.

"పెంచొచ్చు తల్లీ. కాకపోతే వాటి భోజనం పట్టీ చూస్తే నీకే కళ్ళు తిరుగుతాయి" అన్నాను.

ఆ పట్టీ సంగతే ఈ కబుర్లు.

మామూలు బాక్టీరియాకి పెద్ద మర్యాదలు అక్కర్లేదు. మాంసరసం, పెప్టోన్, కాస్త ఉప్పు, గట్టిపడటానికి అగార్. ఈ మాత్రం పెట్టి 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే మన పేగుల్లో ఉండే ఈ-కోలై ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతూ, తెల్లారేసరికి కంటికి కనిపించే చుక్కలై కూర్చుంటుంది. అదే ప్లేటు మీద చిగుళ్ళ సందులోంచి తీసిన పాచి రాసి, అదే ఇంక్యుబేటర్‌లో పెట్టి చూడండి. ఏవో కొన్ని పెరుగుతాయి. మనం వెతుకుతున్న అసలు దొంగల్లో మాత్రం ఒక్కటీ ఉండదు.

వాటికి గాలి గిట్టదు. గాలి గిట్టని జీవులు ఉంటాయని మొదట చెప్పినవాడు లూయీ పాశ్చర్. 1861లో వెన్న చెడితే వచ్చే బ్యుటిరిక్ ఆమ్లం ఎలా పుడుతోందో చూస్తుంటే, మైక్రోస్కోపు కింద బొట్టు అంచుల్లో, అంటే గాలి తగిలే చోట, జీవులు కదలకుండా పడి ఉన్నాయి. బొట్టు నడిమధ్యలో ఉన్నవి హాయిగా ఈదుతున్నాయి. అంతవరకూ గాలి లేనిదే ప్రాణం లేదనే అందరూ అనుకునేవారు. మనకి ప్రాణం పోసే ఆక్సిజన్ కణంలోకి వెళ్ళాక సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి కాల్చేసే పదార్థాలుగా మారుతుంది. వాటిని ఎప్పటికప్పుడు విరిచేసే ఎంజైములు మనకీ ఈ-కోలైకీ దండిగా ఉన్నాయి. ఈ అవాయు జీవులకి అవి ఉండవు, ఉన్నా చాలీచాలకుండా ఉంటాయి.

"మరి రోజంతా గాలి పీల్చి వదిలే నోట్లో గాలి గిట్టని జీవులేంటి?" అని మా మనవరాలు పట్టుకుంది. పట్టుకోవలసిన ప్రశ్నే. నాలుక వెనక భాగం నున్నగా ఉండదు, అంతా గరుకు, అంతా లోయలు. చిగురుకీ పంటికీ మధ్య ఉన్న సందు లోతుకి గాలి చేరదు. అదీగాక పాచి పొరలో పైవరసన స్ట్రెప్టోకాకస్ లాంటివి చేరి, అందిన ఆక్సిజన్‌ని అందినట్టే తినేస్తాయి. కింద ఉన్నవాటి దాకా అది రానే రాదు. నోట్లో గాలి గిట్టని జీవి బతికి బట్టకడుతోందంటే పైనున్నవాటి పుణ్యమే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

లాబ్‌లో ఆ పైవరస ఉండదు కాబట్టి ఆక్సిజన్‌ని మనమే తీసెయ్యాలి. జాడీలో కొవ్వొత్తి వెలిగించి మూత పెడితే చాలదా అంటారు చాలామంది. చాలదు. గాలిలో ఉన్న 21 శాతం ఆక్సిజన్ సుమారు 16 శాతానికి దిగగానే కొవ్వొత్తి కొండెక్కుతుంది. మిగిలిన ఆ 16 శాతం మన జీవుల్ని చంపడానికి ఎక్కువే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు గాలి గిట్టని సూక్ష్మజీవుల వల్ల కుళ్ళిపోతుంటే వాటిని పెంచి చదవాల్సిన అవసరం తరుముకొచ్చింది. అప్పుడు 1916లో మెకింతోష్, ఫిల్డెస్ అనే ఇద్దరు ఒక జాడీ కనిపెట్టారు. మూత గట్టిగా బిగించి లోపలికి హైడ్రోజన్ పంపుతారు. పల్లేడియం అనే లోహం సమక్షంలో ఆ హైడ్రోజన్ జాడీలో ఉన్న ఆక్సిజన్‌తో కలిసి నీరైపోతుంది. ఇప్పటికీ సూత్రం అదే. హైడ్రోజన్ సిలిండరు బదులు నీళ్ళు పోస్తే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదిలే పొట్లాలొచ్చాయి. పొట్లం పనిచేసిందా లేదా అని మేం ముందు చూసేది జాడీ లోపలి గోడని. పల్చగా తడిపొర కట్టిందంటే నీరు పుడుతోందన్నమాట. తరవాత లోపల వేలాడదీసిన మిథిలీన్ బ్లూ కాగితం. ఆక్సిజన్ ఉన్నంతసేపూ నీలంగా ఉంటుంది, పోగానే తెల్లబడుతుంది. పెద్ద లాబ్‌లలో అయితే పెద్ద పెట్టె ఉంటుంది. 80 పాళ్ళు నైట్రోజన్, 10 పాళ్ళు హైడ్రోజన్, 10 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ నింపిన ఆ పెట్టెకి అమర్చిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి బయట నిలబడే పనంతా చేస్తారు.

జాడీలో గాలి తీసేస్తే సరిపోదు. ద్రవ మీడియంలో కరిగి ఉన్న ఆక్సిజన్ సంగతేమిటి? దాన్ని ముందు బాగా మరిగిస్తారు. నైట్రోజన్ తగులుతుండగానే చల్లారుస్తారు. లీటరుకి అర గ్రాము సిస్టీన్ కలుపుతారు. సిస్టీన్ మిగిలిన ఆక్సిజన్ పని పడుతుంది. రెజాజురిన్ అనే రంగు లీటరుకి ఒక్క మిల్లీగ్రాము చాలు. సీసా గులాబీ రంగులో ఉందంటే ఆక్సిజన్ ఇంకా ఉందని, రంగు పోయిందంటే వడ్డనకి సిద్ధమని గుర్తు.

ఇక్కడే ఓ చమత్కారం ఉంది. సిస్టీన్ అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లం. మనం ఆక్సిజన్ పోగొట్టడానికి వేసిన ఆ సిస్టీన్‌నే ఈ జీవులు విరిచి హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తాయి. అంటే లాబ్‌లో సీసా మూత తీయగానే గుప్పుమన్న కంపులో సగం మనం పెట్టిన భోజనానిదే. "ఈ బాక్టీరియా ఇంత హైడ్రోజన్ సల్ఫైడ్ చేస్తుంది" అని ఎవరైనా లెక్క చెబితే, ముందు మీడియంలో సిస్టీన్ ఎంత వేశారని అడగమని మా మనవరాలికి చెప్పాను. అడగని వాళ్ళని చాలామందిని చూశాను.

ఇక అసలు భోజనానికొద్దాం. చిగుళ్ళ జబ్బుకీ కంపుకీ కూడా పేరుమోసినది పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్. పేరు పొడుగు, వేషం చిన్నది. కదలదు, మెదలదు, పొట్టి కడ్డీ ఆకారం. చక్కెర పెట్టండి, ముట్టదు. మనం గ్లూకోజు వేస్తే తక్కిన బాక్టీరియా ఎగబడి తింటాయి, ఇది మాత్రం ప్రోటీన్ ముక్కలు తప్ప ఇంకేదీ తినదు. అందుకని పాల కేసీన్‌ని ఎంజైములతో అరగదీసిన ట్రిప్టోన్, దూడ మెదడూ ఎద్దు గుండే ఉడకబెట్టి తీసిన రసం, బి-విటమిన్ల కోసం ఈస్ట్ సారం పెడతారు. ఇంత పెట్టినా కొత్త అల్లుడిలాగా అలిగి కూర్చుంటుంది. ఇంకా రెండు కావాలి దానికి. ఒకటి హీమిన్. రెండు విటమిన్ కె.

హీమిన్ అంటే నెత్తుటి ఎరుపులోంచి తీసిన పదార్థం, మధ్యలో ఇనుము పరమాణువు ఉంటుంది. మనం మన హీమ్‌ని మనమే తయారుచేసుకుంటాం. ఈ జీవికి ఆ విద్య పూర్తిగా రాదు. ఎవరి నెత్తురో దొరకాలి. అది లేకపోతే దానికి ఇనుమూ లేదు, శక్తి పుట్టించుకునే యంత్రంలో బిగించుకోవలసిన ముఖ్యమైన భాగమూ లేదు.

హీమిన్ కలపడం చూస్తే సరదాగా ఉంటుంది. నల్లటి పొడి. నీళ్ళలో వేసి ఎంత ఊపినా కరగదు, అడుక్కి చేరి కూర్చుంటుంది. 50 మిల్లీగ్రాములు తూచి, ఒక మిల్లీలీటరు సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేస్తే అప్పుడు కరుగుతుంది, ముదురు గోధుమరంగు తిరిగి. దాన్ని నీళ్ళతో 100 మిల్లీలీటర్లకి పెంచి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచుతారు. లీటరు మీడియంకి అందులోంచి 10 మిల్లీలీటర్లు, అంటే 5 మిల్లీగ్రాముల హీమిన్. వేలి మీదో తెల్లకోటు మీదో ఒక చుక్క పడిందా, ఆ మరక ఉతికినా పోదు.

విటమిన్ కె ఇంకో రకం. చిక్కటి పసుపుపచ్చ నూనె. నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. వెలుతురు తగిలితే చెడుతుంది, అందుకని ముదురు రంగు సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తారు. లీటరుకి ఒక మిల్లీగ్రాము. ఆ మోతాదు విని మా మనవరాలు నవ్వింది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకి నెత్తురు గడ్డకట్టే శక్తి రావాలని తొడకి పొడిచే విటమిన్ కె ఇంజక్షను కూడా ఒక మిల్లీగ్రామే. తోటకూరలో ఉండేదీ ఆ విటమినే. మనకి నెత్తురు గడ్డకట్టడానికి పనికొస్తే, ఈ జీవికి కణం పొరలో ఎలక్ట్రాన్లని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవెయ్యడానికి పనికొస్తుంది. ఒకే సరుకు, రెండు ఇళ్ళలో రెండు వాడకాలు.

ఈ రెండూ కావాలని ఎలా తెలిసింది? దాని వెనక నలభై ఏళ్ళ కథ ఉంది. 1921లో ఆలివర్, వెర్రీ అనే ఇద్దరు నెత్తురు కలిపిన ప్లేటు మీద నల్లటి కాలనీలు కట్టే, మన పోర్ఫిరోమోనాస్‌కి చుట్టమైన ఒక సూక్ష్మజీవిని వర్ణించారు. ఆ నలుపు మన చర్మంలోనూ జుట్టులోనూ ఉండే మెలనిన్ అనుకుని మెలనినోజెనికం అని పేరు తగిలించారు. 1947లో ష్వాబాకర్ బృందం పరీక్షించి ఆ నలుపు మెలనిన్ కాదు, నెత్తుటి హీమ్ నుంచి వచ్చినదే అని తేల్చింది. అంటే అది రంగు తయారుచెయ్యడం లేదు, నెత్తురు దోచి ఒంటి మీద దాచుకుంటోంది. తప్పని తెలిసినా ఆ పేరు మాత్రం ఏళ్ళ తరబడి ఊడలేదు. ఇదంతా తెలిసినా ఈ జాతివి కొన్ని నెత్తురు ప్లేటు మీద కూడా ఒంటరిగా పెరగడానికి మొరాయించేవి. పక్కన ఇంకో బాక్టీరియా ఉంటేనే పెరిగేవి. ఆ పక్కవాళ్ళు ఏం ఇస్తున్నారో పట్టుకున్నది బోస్టన్‌లోని గిబ్బన్స్, మెక్‌డొనాల్డ్. 1960లో వాళ్ళు చెప్పింది ఇదీ: హీమిన్, దాంతోపాటు విటమిన్ కె. నోట్లోని కొన్ని బాక్టీరియా విటమిన్ కె సొంతంగా తయారుచేసుకుని కొంత బయటికి వదులుతాయి. మన జీవి ఆ వదిలిన దాని మీద బతుకుతుంది. లాబ్‌లో సీసాలోంచి ఒక మిల్లీగ్రాము వేసి మనం ఆ పక్కవాళ్ళ పని చేస్తున్నాం, అంతే.

ఈ పద్ధతి దొరికాక ప్లేటు తయారీ స్థిరపడింది. ఐదు శాతం గొర్రె నెత్తురు కలుపుతారు. గడ్డకట్టకుండా గాజు పూసలు వేసి కలియతిప్పి ఫైబ్రిన్ తీసేస్తారు. నలుపు త్వరగా తేలాలంటే నెత్తుటిని ఒకసారి మంచుగడ్డలా గడ్డకట్టించి మళ్ళీ కరిగిస్తారు, ఎర్రకణాలు పగిలి హీమోగ్లోబిన్ బయటికొస్తుంది. ఇంత చేసినా తొందరపడితే లాభం లేదు. ఈ-కోలై ఒక్క రాత్రిలో చేసే పని దీనికి వారం పడుతుంది, ఒక్కోసారి పది రోజులు. రెండో రోజే జాడీ తెరిచి చూసినవాడికి కనిపించేది ఖాళీ ప్లేటు. పైగా లోపలికి వెళ్ళిన గాలి తగిలి అప్పుడప్పుడే తలెత్తుతున్నవి చచ్చిపోతాయి. ఓపికపడితే మొదట మీగడ రంగు చుక్కలు, తరవాత లేత గోధుమరంగు, చివరికి నున్నగా మెరిసే నలుపు. జాడీ మూత తియ్యగానే గది గదంతా ముక్కు మూసుకుంటుంది. మా కాలంలో ఈ ప్లేట్లు మధ్యాహ్న భోజనానికి ముందు తెరిచేవాళ్ళం కాదు.

ఇంకో రెండింటి గురించి చెప్పకపోతే ఈ పట్టీ పూర్తవదు. టానరెల్లా ఫోర్సిథియా అనేది ప్లేటు మీద ఒంటరిగా ఈసురోమంటూ ఉంటుంది, ఫ్యూసోబాక్టీరియం అనే ఇంకో నోటి జీవి కాలనీ పక్కన మాత్రం బలంగా పెరుగుతుంది. ఎందుకు? బాక్టీరియా తమ గోడ కట్టుకునే ఇటుకల్లో ఎన్-అసిటైల్ మ్యురామిక్ ఆమ్లం అనే ఒకటుంది. దాదాపు అన్ని బాక్టీరియా దాన్ని సొంతంగా చేసుకుంటాయి. దీనికి చేతకాదు. పక్కవాటి నుంచి రాలిపడిన ముక్కలు ఏరుకోవాలి. ఆ ఆమ్లం మీడియంలో వేస్తే ఒంటరిగా కూడా పెరుగుతుందని 1980ల చివర్లో తెలిసింది. రెండోది ట్రెపొనీమా డెంటికోలా, స్ప్రింగులా మెలికలు తిరిగి ఈదే జీవి. దీనికి సీరం కావాలి, బి-1 విటమిన్‌లో ఒక ప్రత్యేక రూపమైన థయమిన్ పైరోఫాస్ఫేట్ కావాలి, ఐసోబ్యుటిరిక్ ఆమ్లం లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు కావాలి. ఆ ఐసోబ్యుటిరిక్ ఆమ్లం ఎవరిస్తారు? మన పోర్ఫిరోమోనాస్. బదులుగా ట్రెపొనీమా సక్సినిక్ ఆమ్లం ఇస్తుంది, దాంతో పోర్ఫిరోమోనాస్ బాగా పెరుగుతుంది. ఇచ్చిపుచ్చుకోవడాలన్నమాట.

"అయితే తాతయ్యా, ఎవరు ఏ కంపు కొడతారో తేలినట్టేనా?"

అక్కడే తిరకాసు. కంపు బాక్టీరియాది కాదు, తిండిది. ఫ్యూసోబాక్టీరియంకి సిస్టీన్ పెట్టండి, హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. నాటుగా పరీక్ష చెయ్యాలంటే సీసా మూతికి లెడ్ ఎసిటేట్ అద్దిన కాగితం ముక్క వేలాడదీస్తారు, వాయువు తగిలి నల్లబడుతుంది. అదే జీవికి మెథియోనిన్ పెట్టండి, మిథైల్ మెర్కాప్టన్ వదులుతుంది. పాల కేసీన్‌లో సిస్టీన్ బహు తక్కువ, మెథియోనిన్ బాగానే ఉంటుంది. కాబట్టి కేవలం కేసీన్ మీద పెంచిన సీసా, సిస్టీన్ కలిపిన సీసా ఒకే వాసన రావు. ట్రిప్టోఫాన్‌ని విరిస్తే ఇండోల్ పుడుతుంది. ఈ ఇండోల్ మలంలో ఉంటుంది, మల్లెపూవులోనూ ఉంటుంది. కొద్దిగా ఉంటే తలలో పెట్టుకుంటాం, ఎక్కువైతే ముక్కు మూసుకుంటాం. లైసిన్ నుంచి కడావరిన్ వస్తుంది. 1885లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ బ్రీగర్ కుళ్ళిన శవాల్లో దీన్ని కనిపెట్టి ఆ పేరు పెట్టాడు. లూసిన్ నుంచి వచ్చే ఐసోవలెరిక్ ఆమ్లం విప్పిన మేజోళ్ళ వాసన.

చక్కెర కలిపితే ఇదంతా తారుమారవుతుంది. గాజు గొట్టంలో ఉమ్మి పోసి 37 డిగ్రీల్లో ఉంచితే కొద్ది గంటల్లోనే కంపు మొదలవుతుంది. అందులోనే కాస్త గ్లూకోజు వేస్తే కంపు బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే చక్కెర తినే బాక్టీరియా ఆమ్లం పుట్టిస్తాయి, ప్రోటీన్ కుళ్ళబెట్టే పని ఆ పులుపులో సాగదు. ఇది చదివి నోటి కంపుకి మందని బెల్లం ముక్క చప్పరించేరు సుమా! ఆ ఆమ్లమే పంటిని తొలిచేస్తుంది. కంపు పోయి పుచ్చు వస్తుంది.

మరి నోట్లో అంత ప్రోటీన్ ఎక్కడిది, మనం తినే పప్పులోదా? కొంత అదీ ఉంటుంది, రాలిపోయిన నోటి చర్మకణాలూ ఉంటాయి. ముఖ్యమైనది మాత్రం మన ఉమ్మిలోని జిగురు, మ్యూసిన్. ఈ జిగురు ప్రోటీన్ చుట్టూ చక్కెర గొలుసులు దట్టంగా అల్లుకుని ఉంటాయి. పోర్ఫిరోమోనాస్‌కి ప్రోటీన్ కోసే కత్తులు బోలెడున్నాయి, జింజిపైన్లు అంటారు వాటిని. కానీ పైనున్న చక్కెర తీయడం దానికి అంతగా చేతకాదు. 2006లో ఇజ్రాయెల్‌లో నిర్ స్టెరెర్, మెల్ రోజెన్‌బర్గ్ ఒక మంచి ప్రయోగం చేసి చూపించారు. నోట్లో ఉండే మామూలు స్ట్రెప్టోకాకస్ సలైవేరియస్‌ని కూడా తోడు పెడితే అది పైనున్న చక్కెరని తీసేస్తుంది, లోపలి ప్రోటీన్ పోర్ఫిరోమోనాస్‌కి దొరుకుతుంది, కంపు పెరుగుతుంది. స్ట్రెప్టోకాకస్‌కి ఏ చెడ్డపేరూ లేదు, ఒంటరిగా పెంచితే పెద్ద కంపూ కొట్టదు. అయినా తలుపు తీసింది అదే. నన్నడిగితే నోటి కంపుకి ఫలానా బాక్టీరియా కారణమని ఒక్కదాని పేరు రాసే పుస్తకాల్ని మూసి పక్కన పెట్టొచ్చు.

నోట్లో రమారమి 700 జాతుల బాక్టీరియా ఉన్నాయని డీఎన్‌ఏ చూసి లెక్క కట్టారు. వాటిలో దాదాపు మూడో వంతుని ఇంతవరకూ లాబ్‌లో పెంచలేకపోయారు. ఏదో ఒక పదార్థం తక్కువవుతోంది, అది ఏ పక్కవాడి దగ్గరుందో తెలియదు. అలాంటి వాటిలో టీఎమ్7 అనే ఒక తెగ ఏళ్ళ తరబడి ఏడిపించి, 2015లో లొంగింది. దానికి కావలసింది విటమినూ కాదు, నెత్తురూ కాదు. ఇంకో బాక్టీరియా ఒళ్ళే కావాలి. యాక్టినోమైసిస్ అనే దాని ఒంటికి అంటుకుని, దాన్ని పీల్చుకుంటూ బతుకుతుంది. ఏ సీసాలోంచి ఎన్ని మిల్లీగ్రాములు వేసినా ఒంటరిగా పెరగదు.

ఇవి ఏం తింటాయో తెలిసింది కాబట్టి వీటిని ఎలా పస్తు పెట్టాలో కూడా కొంత తెలుసు. మా చిన్నప్పుడు వేపపుల్లతో పళ్ళు తోముకుని, ఆ పుల్లనే నిలువునా చీల్చి, విల్లులా వంచి నాలుక గీసుకునేవాళ్ళం. గీసినప్పుడు వచ్చే తెల్లటి పాచిలో చచ్చిన చర్మకణాలూ, ఉమ్మి జిగురూ, పైన చెప్పిన మందంతా ఉంటుంది. పని మంచిదే, కాకపోతే ఫలితం ఉండేది కొద్దిసేపు. ఉపవాసం రోజున కంపు ఎక్కువ ఎందుకంటే నమలడం లేదు, ఉమ్మి ఊరడం లేదు, నోరు కడిగేది లేదు. నీళ్ళు తాగే ఉపవాసమైతే తాగుతూ ఉండండి. పుదీనా బిళ్ళ కంపు మీద ఇంకో వాసన కప్పుతుంది తప్ప కంపుని ఆపదు. జింకు ఉన్న పుక్కిలింత మందు నయం, జింకు గంధకాన్ని పట్టుకుని గాలిలోకి పోనివ్వదు.

కంపు అనగానే గ్యాస్ట్రిక్ అనుకుని కడుపు డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు ఎక్కువ. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి అది నోట్లో పుట్టినదే. ముఖ్యంగా తోముకుంటున్నప్పుడు బ్రష్షు మీద ఎరుపు కనిపిస్తోందంటే, లాబ్‌లో మేం తూచి తూచి వేసిన హీమిన్ మీ నోట్లో ఉచితంగా వడ్డిస్తున్నారన్నమాట. ఈ వారంలోనే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి గార తీయించుకోండి.